గంట జీతం

నూనెలోంచి బుట్ట పైకెత్తి, రెండుసార్లు గట్టిగా విదిలించి, వేగిన ఆలుగడ్డ ముక్కల్ని ఉప్పు పళ్ళెంలో బోర్లించింది అక్క. ఆ దుకాణంలో చిన్నా పెద్దా అందరికీ ఆమె అక్కే. ముంజేతుల మీద నూనె చిట్లిన మచ్చలు పాతవీ కొత్తవీ కలిసిపోయాయి. సొంత చెల్లెలు మాత్రం ఒక్కతే. అది సముద్రం అవతల, ఇదే కంపెనీ దుకాణంలో, ఇదే ఎర్రటోపీ పెట్టుకుని ఇవే ముక్కలు వేయిస్తోంది.

"దాని గంట, నా రోజు" అని అక్క ఎన్నిసార్లు అందో! చెల్లెలు గంటసేపు నిలబడితే అక్కకు రోజంతా వచ్చే జీతం వస్తుందని దాని అర్థం. "మీ చెల్లెలు తుమ్మి ముక్కు తుడుచుకునేలోపు మన టీ ఖర్చు వచ్చేస్తుందక్కా" అని తోటివాళ్ళు ఆటపట్టించేవారు. మొదట్లో అక్కకు అది గొప్పగానే ఉండేది.

ఇప్పుడు ఒళ్ళు మండుతోంది. ఇంటాయన అద్దె పెంచాడు, కట్టలేకపోతే నెలాఖరుకి ఖాళీ చేయమన్నాడు. చెల్లెల్ని డబ్బులు అడిగితే లేవంది.

"ఏమందక్కా, పంపుతుందా?" అంది బిల్లు కౌంటర్లో ఆమె.

"పంపుతుంది, పంపుతుంది! చిల్లిగవ్వ రాల్చదది. వెళ్ళేటప్పుడు పాత రగ్గు ఒకటి నా మొహాన పడేసి పోయింది. 'అక్కడ ఇళ్ళన్నీ వెచ్చగా ఉంటాయట, నువ్వు కప్పుకో' అని. అదే దాని ధర్మం."

నిన్న చెల్లెలు తన మాటలు రికార్డు చేసి ఫోనుకి పంపింది. "నా జీతాన్ని మీ ఊరి ధరలతో లెక్కేస్తావేంటక్కా? ఇక్కడ గది అద్దె ఎంతో ఒక్కసారైనా అడిగావా?"

"ఎంతైతే ఏమే? నువ్వేమైనా రోడ్డు మీద పడుకుంటున్నావా?" అని అక్క కూడా రికార్డు చేసి ఎదురు పంపింది. చెల్లెలు విన్నట్టు ఫోనులో గుర్తు పడింది గాని జవాబు రాలేదు. అలిగింది కాబోలు, అలగనీ అనుకుంది.

మధ్యాహ్నం విరామంలో, వెనక తలుపు దగ్గర చెత్తడబ్బాల పక్కన కూర్చుని ఉండగా ఫోను మోగింది. తెలియని మగగొంతు.

"మీ చెల్లెలితో కలిసి పనిచేస్తానండీ. రాత్రి ఇక్కడ బాగా మంచు కురిసింది. పొద్దున డ్యూటీకి రాకపోతే దుకాణం వెనక ఆమె కారు దగ్గరికి వెళ్ళి చూశాం. అప్పటికే ప్రాణం పోయిందండీ."

"కారులో ఏంటి? గదికి వెళ్ళకుండా?"

"గది ఖాళీ చేసి చాలా రోజులైందండీ, అద్దె కట్టలేక. పాత కారు కొనుక్కుని అందులోనే పడుకునేది. కనీసం వెచ్చగా ఉండేందుకు ఇంజను వేసుకుని పడుకోమ్మా అంటే, రాత్రంతా పెట్రోలంటే నా గంట జీతం పోతుంది అనేది. మీకు చెప్పలేదా?"

అక్కకు ఏడుపు రాలేదు. సిగ్గు వచ్చింది. ఒళ్ళంతా పాకిపోయే సిగ్గు.

"అక్కా, ముక్కలు మాడుతున్నాయి!" అని లోపలినుంచి సూపర్‌వైజర్ కేకేశాడు. కాళ్ళు వాటంతటవే లోపలికి నడిచాయి, చేతులు బుట్ట ఎత్తి రెండుసార్లు విదిలించాయి. ఆ తర్వాత టోపీ తీసి, చెల్లెలు పోయింది, ఇంటికెళ్తానంది.

"అయ్యో, పాపం" అన్నాడతను. "వెళ్ళక్కా. సగం రోజు జీతం మాత్రం కోస్తారు, మళ్ళీ నన్నడక్కు."

అక్క ఇంటికొచ్చి తలుపు తీసి, గడప దగ్గరే నిలబడిపోయింది. మంచం మీద చెల్లెలి రగ్గు పొద్దున తను మడతపెట్టినట్టే ఉంది, మందంగా, ఇద్దరికి సరిపోయేటంత వెడల్పుగా.