తాళం తిప్పితే స్టార్ట్ కావాలి

ఆస్పత్రి మంచం పక్కన పండ్ల సంచీ పెట్టి విజయేందర్ అన్న మాట కాంతమణికి మింగుడు పడలేదు.

"గేరు చూసుకోవద్దా ప్రభుదాస్? ఇన్నేండ్ల సర్వీసు నీది. గింత నిర్లక్ష్యమేందీ?"

పాదానికి కట్టుతో పడుకున్న ఆమె భర్త "తప్పయింది సార్" అన్నాడు. ఆ మాట విన్నాక కాంతమణికి ఒళ్ళు మండిపోయింది.

విజయేందర్‌కు కార్ఖానా బస్తీలో నీళ్ళ టాంకర్ల షెడ్డుంది. ప్రభుదాస్ నడిపే పెద్ద టాంకర్‌కు తాళం తిప్పితే ఇంజన్‌ను లేపే సెల్ఫ్ మోటార్ తిరగడం మానేసి నెలలు దాటింది. బాగు చేయించమని ప్రభుదాస్ అడిగినప్పుడల్లా "ఎండాకాలం పోనీ" అనేవాడు ఓనరు. అందుకని డ్రైవర్లు తాళం ఆన్ చేసి, కిందికి దిగి, బండి కిందికి దూరి, సెల్ఫ్ మోటార్ బోల్టులు రెండిటికీ స్క్రూడ్రైవర్ ఆనించి, నిప్పురవ్వలు రాలుతుంటే ఇంజన్ లేపేవారు. హ్యాండ్‌బ్రేకు కూడా సరిగ్గా పట్టదు. షెడ్డు వాలుగా ఉంటుంది కనుక బండి ఆపినప్పుడు జారకుండా గేరులోనే వేసి వదిలేవారు. కాలు నలిగిన పొద్దున ఓనరు ఫోను మీద ఫోను చేశాడు, హాస్టల్లో చుక్క నీళ్ళు లేవు, ఇంకా కదల్లేదా అని. ఆ తొందరలో ప్రభుదాస్ గేరు తీయడం మరిచాడు. ఇంజన్ అందుకోగానే టాంకర్ ఒక్క ఉదుటున ముందుకు దూకి అతని పాదం మీదికెక్కింది.

షెడ్డులో ఉండిపోయిన భర్త బట్టలు తెచ్చుకుందామని కాంతమణి మారేడ్‌పల్లిలోని ఇంటి నుంచి ఆటోలో వెళ్ళింది. గేటు దాటగానే ఆగిపోయింది. అదే టాంకర్. దాని కింద నుంచి బయటికి చాచిన రెండు కాళ్ళు.

"ఎవరది? బయటికి రా!" ఆమె అరుపుకు షెడ్డంతా అదిరింది.

చేతిలో స్క్రూడ్రైవర్‌తో తుకారాం పాకుతూ వచ్చాడు. కొత్త డ్రైవరేం కాదు, ప్రభుదాస్‌ను ఆటోలో వేసుకుని ఆస్పత్రికి తెచ్చింది అతనే.

"నువ్వు సుతనా తుకారాం? ఆయన కాలు చూసి సుత గిట్లనేనా?"

"ఏం జెయ్యాలె వదినా? సార్ జల్ది జల్ది అంటుండు."

లోపలి గదిలోంచి విజయేందర్ వచ్చాడు. "ఏందమ్మా లొల్లి? ట్రిప్పులున్నయి, జెర పక్కకు జరుగు."

కాంతమణి జరగలేదు. బంపర్‌కు వీపు ఆనించి నిలబడింది.

"గేరు చూసుకోవద్దా అన్నరు కదా సార్. సరే, చూసుకోలే. సీట్ల కూసొని తాళం తిప్పితే ఆయన కాలు క్లచ్ మీదుండేది. టైరు కిందికి ఎట్ల పోయింది? బండి కింద పండుకోబెట్టింది మీరు కాదా?"

"అందరు గిట్లనే చేస్తరు..."

"అయితే బండి కిందికి మీరు దూరుండ్రి. ఫోను నేను చేస్తా, జల్ది జల్ది అని."

విజయేందర్ ముఖం ఎర్రబడింది. తుకారాం వైపు చూశాడు. తుకారాం స్క్రూడ్రైవర్‌ను టూల్‌బాక్సులో పడేసి మూత వేశాడు. "బాగు చేయించినంకనే బండి తీస్త సార్" అన్నాడు. ఆ మాటకు మిగతా డ్రైవర్లు కూడా వచ్చి అతని పక్కన నిలబడ్డారు.

చివరికి విజయేందర్ ఫోను చేస్తే ఎలక్ట్రీషియన్ వచ్చాడు. తాళం వెనక కాలిపోయిన వైరు, చెడిపోయిన స్విచ్చు మార్చాడు. వెంట వచ్చిన మెకానిక్ హ్యాండ్‌బ్రేకు బిగించాడు. తుకారాం టైరు ముందు చెక్క పెట్టి, సీట్లో కూర్చుని, గేరు న్యూట్రల్ చేసి తాళం తిప్పాడు. ఇంజన్ వెంటనే అందుకుంది.

"అయిపాయె. ఇగ ఖుషీనా?" అన్నాడు విజయేందర్.

కాంతమణికి అప్పుడొచ్చింది అసలైన కోపం. "గింతేనా సార్? టీ తాగి వచ్చేంత సేపట్ల అయ్యే పని! దీనికోసమా ఆయన కాలు నలగ్గొట్టిండ్రు?"

విజయేందర్ లోపలికి పోయాడు.

ఆస్పత్రిలో కాంతమణి చెప్పిందంతా ప్రభుదాస్ విన్నాడు. ముందు భయపడ్డాడు. "సార్‌కు కోపమొచ్చిందా? మళ్ళ పనిల పెట్టుకుంటడో లేదో."

"కోపం రావాల్సింది ఆయనకు కాదు, నీకు!"

అతను కట్టు కట్టిన పాదం వైపు చూశాడు. తర్వాత మంచం చువ్వను బిగించి పట్టుకున్నాడు.

"ఎన్నిసార్లు అడిగిన కాంతమణీ," అన్నాడు గట్టిగా, పక్క మంచాల వాళ్ళు తిరిగి చూసేలా. "ఎన్నిసార్లు అడిగిన!"