రెండు కొసల పట్టుదారం

నాకు ఓపిక లేదని సత్తెనపల్లిలో అందరికీ తెలుసు. మోటార్ల వైండింగ్ చేసేవాడికి ఓపిక ఉంటే రైతులు ఊరుకోరు. పొద్దున కాలిన మోటారు తెచ్చి సాయంత్రానికి పొలంలో నీళ్లు పడాలంటారు. నేనూ సాయంత్రానికే ఇస్తాను. ముప్పై ఏళ్లుగా 'సాయంత్రం ఫిలిప్' అనే పేరుతోనే బతుకుతున్నాను. కోటిరత్నం సిస్టరమ్మ ఆ పని తెచ్చి తెచ్చి నాకే ఎందుకిచ్చిందో ఇప్పటికీ అర్థం కాదు.

ఈస్టర్ అయిన వారానికి మా షాపు ముందు ఆటో దిగింది. మిషన్ ఆసుపత్రిలో నలభై ఏళ్లు నర్సుగా చేసి రిటైరైన మనిషి. మా అమ్మకి పురుడు పోసింది ఆవిడే. నన్ను తిట్టాల్సి వచ్చినప్పుడల్లా ఆ సంగతి గుర్తుచేస్తుంది. ఆ రోజు చేతిలో ఒక స్టీలు డబ్బా ఉంది. మూత తియ్యగానే ఎండుమిరపకాయల ఘాటు గుప్పుమంది. షాపులో ఉన్న ముగ్గురం వరసగా తుమ్మాం.

"పురుగు పట్టకుండా వేశాన్రా" అంది.

మిరపకాయల అడుగున ఒక ఇత్తడి రీలు. దానికి చుట్టిన దారం కరిగి గడ్డకట్టిన బెల్లంలా ఒకటే ముద్ద.

అది పట్టుదారమట, చేపలు పట్టేదట. వెనక ఆ ఆసుపత్రిలో ఉన్న దొరసాని డాక్టరమ్మ సెలవు రోజున అమరావతి రేవులో నిలబడి, సన్నటి వెదురు కర్రతో ఈ దారాన్ని గాల్లోకి విసిరేది. దాని కొసన వానపాము ఉండదు, కోడి ఈకతో కట్టిన ఉత్తుత్తి ఈగ ఉంటుంది. నూనె పట్టించిన దారం నీళ్లమీద తేలుతుంది. పరిగెలు నిజం ఈగే అనుకుని పైకొచ్చి అందుకుంటాయి. ఆ విద్య డాక్టరమ్మ ఒక్క కోటిరత్నానికే నేర్పింది. డెబ్భై నాలుగులో తన దేశం వెళ్లిపోతూ కర్రనీ రీలునీ ఈవిడ చేతిలో పెట్టింది. కళ్లలో శుక్లాలు ముదిరిందాకా ఈవిడ వేటకి పోతూనే ఉంది. ఆ తర్వాత పదేళ్లు దారం డబ్బాలోనే పడి ఉంది.

"ఇప్పుడు ఆపరేషనైంది, కళ్లు కనపడుతున్నయ్. ఏటికి వరద రాకముందే మళ్లీ విసరాలి. వరదొస్తే క్రిస్మస్ దాకా రేవులో నిలబడే చోటుండదు. అప్పటిదాకా ఈ మోకాళ్లు ఉంటయ్యో లేదో" అంది.

"నేను రాగితీగ చుట్టేవాణ్ణమ్మా."

"తీగైతే ఏంది, దారమైతే ఏంది? చుట్టేవాడివేగా."

పద్ధతంతా చెప్పింది. గోరువెచ్చటి నీళ్లలో చాకలి సోడా వేసి పాత జిగురు వదిలించాలి. నీడలో ఆరబెట్టాలి. పెయింట్ల షాపులో దొరికే అవిసె నూనె వేళ్లతో పల్చగా పట్టించాలి. ఎనిమిది పూతలు, పూతకీ పూతకీ మధ్య వారం.

"ఎండ తగలకూడదు, వేడి తగలకూడదు, తొందర తగలకూడదు. మూడోది నీకోసమే చెబుతున్నా" అని ఆటో ఎక్కింది.

సోడా నీళ్లలో వెయ్యగానే పదేళ్ల కారం దిగి నీళ్లు ఎర్రబడ్డాయి. ఆ చేత్తోనే కన్ను నలుపుకున్నాను. హెలెన్ చెంబుతో నీళ్లు కొడుతూ నవ్వు ఆపుకోలేకపోయింది. పెళ్లైన పాతికేళ్లలో నన్ను చూసి మా ఆవిడ అంతగా నవ్వడం అదే మొదటిసారి.

ముద్ద విడిపోయి ముప్పై గజాల దారం బయటపడింది. మధ్యలో లావు, రెండు కొసలూ సన్నం. ఏ కాయిల్‌కైనా మొదలూ చివరా ఉంటాయి. అవి తారుమారైతే మోటారు ఎదురు తిరుగుతుంది. ఈ దారానికి ఏది మొదలో ఎంత చూసినా తెలియలేదు. అలవాటు కొద్దీ బయటి కొసకి తెల్ల టేపు చుట్టి 'మొదలు' అని రాశాను.

చెక్కకి మేకులు కొట్టి దారాన్ని వాటిమీద అటూ ఇటూ లాగి కట్టి, షాపులో గోడకి ఆనించాను. మొదటి పూత వేశాను. గంటకోసారి లేచి వెళ్లి వేలు పెట్టి చూస్తున్నాను. బంక. మర్నాడూ బంకే.

"మీరు తాకకుండా ఉంటే అదే ఆరుద్దండీ. పొద్దున్నించీ పదిసార్లు తాకారు" అంది హెలెన్.

నేను కూర్చోలేను. చేతిలో పని ఉండి అది ముందుకి కదలకపోతే నాకు ఒళ్లంతా చీమలు పాకుతాయి. ఎలాగో మూడు పూతలు లాగాను. అప్పటికి మే నెల దాటింది.

జూన్ మొదటి వారంలో యలమందయ్య మోటారు కాలింది. "ఏరా ఫిలిప్, పత్తి గింజ పెట్టి నీళ్లకి చూస్తన్నా. సాయంత్రానికి కావాలి" అని అరిచి వెళ్లాడు. కాయిల్స్ చుట్టి, వార్నిష్‌లో ముంచి, పెద్ద బల్బులు వెలిగే ఆరబెట్టే పెట్టెలో పెట్టాను. సరిగ్గా అప్పుడే గుంటూరు యార్డుకి పోతున్న మిర్చి లారీ మా షాపు ముందు గుంటలో దిగబడి ఊగింది. ఒక టిక్కీ బస్తా జారిపడి పగిలింది. ఎర్రటి దుమ్ము లేచి లోపలికి కొట్టింది. గుమ్మం వైపున్న పది గజాల దారం, పచ్చి నూనె మీద కారం చల్లినట్టయింది.

మళ్లీ కడగాలి, మళ్లీ మొదటి పూత నుంచి. ఇంకో మూడు వారాలు దండగ. వరద ఆగుతుందా? అటు పెట్టెలో చూస్తే కాయిల్స్ పక్కన చెయ్యంత జాగా ఖాళీగా ఉంది.

ఆ పది గజాలూ థిన్నర్‌తో తుడిచాను. మోటారు వార్నిష్‌లో ముంచాను. చెక్కమీదున్న మిగతా దారాన్ని కదపకుండా, ఆ కొసని మాత్రం పెట్టెలోకి లాగి బల్బుల కింద పెట్టాను. వారం పని రెండు గంటల్లో! నా తెలివికి నేనే మురిసిపోయాను.

అయిదింటికి తీశాను. అద్దంలా మెరుస్తోంది. వేలికి చుట్టబోయాను, కాల్చిన అప్పడంలా పుటుక్కున విరిగింది. ఇంకోచోట వంచితే అక్కడా విరిగింది. యలమందయ్య వచ్చి మోటారు చూసుకుని, "నువ్వు మొనగాడివిరా" అని భుజం తట్టి పోయాడు.

ఆ తర్వాత చేసింది ఇంకా తప్పు. విరిగిన పది గజాలూ కోసేశాను. మేం కాయిల్స్ బిగించి కట్టే నూలుదారం ఉంటుంది. దానికి నూనె పట్టిస్తే అచ్చం అదే రంగొచ్చింది. దాన్ని పట్టుదారం కొసకి అతుకు తెలియకుండా కలిపి, టేపు మళ్లీ చుట్టాను.

మిగిలిన ఇరవై గజాలకి మాత్రం, భయంతోనో సిగ్గుతోనో, వారం వారం లెక్క తప్పకుండా అయిదు పూతలు వేశాను. దాన్ని పక్క గదిలోకి మార్చి తలుపు మూశాను. ఒక్కసారి కూడా ఆరిందా లేదా అని తాకలేదు. కానీ అన్నం ముందు కూర్చున్నా అదే, చర్చిలో పాట అందుకున్నా అదే. పుస్తకం తిప్పుతాను కానీ ఏ చరణంలో ఉన్నామో తెలియదు.

"చెప్పెయ్యండి" అంది హెలెన్.

"చెబుతా."

"ఎప్పుడు?"

"సాయంత్రానికి."

ఎన్ని సాయంత్రాలు పోయాయో. నా మాట నిలబడనిది ఆ ఒక్క విషయంలోనే.

జులై రెండో వారంలో, పైన ప్రాజెక్టులు నిండుతున్నాయని పేపర్లో రాగానే సిస్టరమ్మ ఫోన్ చేసింది. శనివారం పొద్దున ఇద్దరం అమరావతి రేవుకి వెళ్లాం. ఆవిడ కర్ర ముక్కలు ఒకదాంట్లో ఒకటి దూర్చి, రీలు బిగించి, చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుంది. వేళ్ల మధ్య నుంచి దారం లాగడం మొదలుపెట్టింది. ఒక గజం. రెండు గజాలు. ఆవిడ వేళ్లు ఆగాయి.

"అది పట్టు కాదమ్మా" అన్నాను.

మొత్తం చెప్పేశాను. లారీ, కారం, బల్బులు, అతుకు. ఆవిడ రేవు మెట్టు మీద కూలబడింది.

"ఏ కొస?"

"మొదలు. బయటుండేది."

"అది డాక్టరమ్మ కొసరా" అంది.

తర్వాత తిట్టింది. మెట్ల మీద స్నానాలు చేసేవాళ్లు తిరిగి చూసేలా తిట్టింది. "నెల ముందే పుట్టావు నువ్వు. అప్పుడూ ఆగలా. నా చేత్తో పట్టుకున్నప్పుడే అనుకున్నా, వీడు దేనికీ ఆగడని!"

నేను తల వంచుకుని నిలబడ్డాను. ఆవిడ కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"దీనికి మొదలూ చివరా లేవు. రెండు కొసలూ ఒకటే. ఒకటి అరిగితే తిప్పి చుట్టుకుని రెండోది వాడతారు. ఆవిడ పోయేటప్పుడు చెప్పింది, 'రత్నం, ఈ కొస నాది, అరిగిందాక వాడుకో. లోపలిది నీది' అని. ఎప్పుడో అరిగిందిరా. నేనే తిప్పలేదు. తిప్పితే ఆవిడ చెయ్యి పడిన దారం రీలు అడుక్కి పోద్దిగా. నలభై ఏళ్లు ఆవిడ కొసే విసిరా."

నాకు ఏడుపొచ్చింది. ఆవిడ అది చూసినట్టు లేదు, లేదా చూసి ఊరుకుంది.

"విరిగిన ముక్కలు పారేశావా?"

"లేదమ్మా. జేబులో ఉన్నయ్."

చెయ్యి చాపింది. నల్లబడిన ముక్కలన్నీ ఆ చేతిలో పోశాను. వాటిని కళ్లజోడు పెట్టెలో సర్ది సంచిలో పెట్టుకుంది.

"ఆ దొంగదారం కోసెయ్యి. మిగతాది తిప్పు."

ఇసకలో తువ్వాలు పరిచి రీలు మొత్తం విప్పాను. లోపలి కొస బయటికి వచ్చింది. ఎనిమిది పూతల నూనె తాగి, తేనె రంగులో, వేలికి ఎలా చుడితే అలా చుట్టుకుంటోంది. తిరగేసి చుట్టాను. నిదానంగానే చుట్టాను, ఆవిడ చూస్తోందిగా.

కొసన కోడి ఈక ఈగ కట్టుకుని, నీళ్లలో మోకాళ్ల దాకా దిగి విసిరింది. మొదటిసారి దారం ఆవిడ భుజం మీదే పడింది. "జరగరా, తగులుద్ది" అని నన్ను కసిరి మళ్లీ విసిరింది. ఈసారి దారం గాల్లో చాపుకుంటూ పోయి నీళ్లమీద వాలింది. మునగలేదు. ప్రవాహంతోపాటు మెల్లగా కదులుతోంది.

చేప పడిందా అని అడగబోయి ఆపుకున్నాను. ఆవిడ వెనక్కి చూడకుండానే వేళ్లతో దారాన్ని రాసుకుంటూ నిలబడింది.

"కొత్తగా ఉందిరా" అంది.