ఓబమ్మ పాల లెక్క

లెక్కల సారు అతావుల్లాకు ఒకచోట నిలకడగా కూర్చోవడం చేతకాదు. పాఠం చెబుతూ బెంచీల మధ్య నడుస్తాడు. భోజనం బెల్లు కొడితే టిఫిన్ డబ్బా చేత్తో పట్టుకుని వరండాలో నడుస్తాడు. బుక్కరాయసముద్రంలోని ఇంటి నుంచి స్కూటర్ మీద బడి ఉన్న ఊరికి వచ్చే దారి పొడవునా పెదవులు ఆడుతూనే ఉంటాయి. ఏ లెక్క ఎలా చెబితే పిల్లల బుర్రకెక్కుతుందా అన్నదే ఆయన యావ. మనిషి మంచివాడే, అందులో అనుమానం లేదు. అంత మంచివాడూ ఆ ఏడు పదో తరగతి పరీక్షలు నెల ఉన్నాయనగా ఒక ఇంటి పొయ్యి ఆర్పినంత పని చేశాడు.

ఆయన క్లాసు పిల్లలు సమీకరణం రాసిస్తే చకచకా సాధిస్తారు. దాన్నే మాటల్లో చుట్టి ఇస్తే మాత్రం నోళ్లు వెళ్లబెడతారు. 'ఒక పనిని రాము ఆరు రోజుల్లో, రవి తొమ్మిది రోజుల్లో చేస్తే' అనగానే వెనక బెంచీలో ఆవలింతలు మొదలవుతాయి. ఎవడీ రాము, ఎవడీ రవి, వాళ్ల పని మనకెందుకు? ఒకనాడు సారుకు విసుగెత్తి ఆ రెండు పేర్లూ చెరిపేసి, ఊళ్లో గుంతలు తవ్వే బయ్యన్న, లింగప్పల పేర్లు రాశాడు. క్లాసు మొత్తం నిటారుగా కూర్చుంది. "లింగప్పన్నకు తొమ్మిది రోజులెందుకు సార్, మధ్యలో బీడీకి కూర్చుంటాడనా?" అని ఒకడు అడిగాడు. అందరూ నవ్వారు. లెక్క కూడా అందరికీ వచ్చింది.

ఆ సాయంత్రమే లింగప్ప స్కూటర్‌కు అడ్డంగా నిలబడ్డాడు. "ఏం సార్, బయ్యన్నకు ఆరు దినాలు, నాకు తొమ్మిదా? వాడు పార ఎట్ల పట్టుకుంటాడో నువ్వెప్పుడన్నా చూసినావా?" మర్నాడు సారు అంకెలు తారుమారు చేశాడు. దాంతో బయ్యన్న మూతి ముడుచుకున్నాడు. చివరికి ఇద్దరికీ చెరి ఏడున్నర రోజులు ఇచ్చి బతుకుజీవుడా అని బయటపడ్డాడు.

ఊరికి ఇదొక సరదా అయిపోయింది. పిల్లలు ఇల్లు చేరగానే "ఇయ్యాల ఎవరి లెక్క?" అని పెద్దవాళ్లు అడిగేవారు. మాటల లెక్కలంటే భయపడే పిల్లలు పేరు వినపడగానే నోట్సు తెరిచేవారు. సారుకు గర్వంగా ఉండేది, దాన్ని దాచుకునేవాడు కూడా కాదు.

ఆ ఊపులోనే మిశ్రమాల పాఠం వచ్చింది. పాలూ నీళ్లూ లేని మిశ్రమాల పాఠం ఏ పుస్తకంలోనూ ఉండదు. పాలంటే ఆ ఊళ్లో ఎవరి నోటికైనా ఓబమ్మ పేరే వస్తుంది. సారు చేతిలోని చాక్‌పీసుకూ అదే వచ్చింది. 'ఓబమ్మ కొన్ని లీటర్ల స్వచ్ఛమైన పాలలో రెండు లీటర్ల నీళ్లు కలిపింది. ఆ మిశ్రమంలో నీళ్లు ఇరవై శాతం. అయితే పాలు ఎన్ని లీటర్లు?' అని రాసి వెనక్కి తిరిగాడు.

మూడో బెంచీలో ఓబమ్మ కూతురు భారతి కూర్చుని ఉంది. ఆ పిల్ల ఎవరి కూతురో ఆయనకు తెలుసు. తెలిసీ ఆ నిమిషాన తట్టలేదు. తట్టిందల్లా ఒకటే, ఈ లెక్క అందరికన్నా ముందు చేయగలిగేది భారతి అని. "భారతీ, బోర్డు దగ్గరికి రామ్మా" అన్నాడు ఉత్సాహంగా.

భారతి వచ్చింది. పాలు ఎక్స్ అనుకుంది. మొత్తం ఎక్స్ ప్లస్ రెండు. అందులో అయిదో వంతు రెండు. అంటే మొత్తం పది, ఎక్స్ ఎనిమిది. చాక్‌పీసు పెట్టేసి, ఎవరి మొహమూ చూడకుండా పోయి తన చోట కూర్చుంది. "శభాష్" అన్నాడు సారు. పిల్లలు చప్పట్లు కొట్టలేదు. ఒకరినొకరు మోచేత్తో పొడుచుకున్నారు.

ఎనిమిదీ రెండూ పది. ఓబమ్మ పొద్దున్నే నెత్తిన పెట్టుకుని వీధులు తిరిగే క్యాను కూడా పది లీటర్లదే. భాగహారం తెగాలని సారు వేసిన అంకెలవి, వాటికి అంతకుమించి ఏ పాపమూ తెలియదు. ఊరు మాత్రం అలా అనుకోలేదు. అంత చదువుకున్న సారు ఊరికే రాస్తాడా? ఎక్కడో చూసే ఉంటాడు. పైగా సొంత కూతురే బోర్డు మీద లెక్క తేల్చింది, ఇంకేం కావాలి? రెండు పొద్దులు తిరిగేసరికి ఇళ్లవాళ్లు గిన్నెలు లోపల పెట్టేసుకున్నారు. రోడ్డు మీద టీ హోటలు నడిపే పీర్ మహమ్మద్ రోజూ సగం క్యాను కొనేవాడు. అతను ప్యాకెట్ పాలు తెప్పించుకోవడం మొదలుపెట్టాడు.

భారతి బడికి రావడం మానేసింది. ఎందుకు రావడం లేదని సారు అడిగితే క్లాసంతా తలలు దించుకుంది. చివరికి ముందు బెంచీలో పిల్ల చెప్పింది. "వాళ్లమ్మ పాలు ఎవరూ పోయించుకోవడం లేదు సార్. మన లెక్కలో నీళ్లు తేలినాయి కదా."

"అది నేను ఊహించి వేసిన లెక్క. నిజం కాదు."

"మరి జవాబు కరెక్టుగా వచ్చింది కదా సార్?" అంది ఆ పిల్ల అమాయకంగా.

అతావుల్లా చేతిలో చాక్‌పీసు విరిగింది. మిగతా పీరియడ్లలో ఏం చెప్పాడో ఆయనకే తెలియదు. ఇంటి బెల్లు కొట్టగానే స్కూటర్ కూడా తీయకుండా ఓబమ్మ ఇంటికి నడిచాడు. ఆ ఇంట్లో ఉండేది ఓబమ్మ, భారతి, రేకుల పాకలో రెండు జెర్సీ ఆవులు. భారతి పాక ఊడుస్తోంది. సారును చూసి కూడా చీపురు ఆపలేదు.

"తప్పయిపోయింది ఓబమ్మక్కా" అన్నాడు అతావుల్లా. "నువ్వు నీళ్లు కలుపుతావని నేను అనలేదు."

"అనలేదులే సార్." ఓబమ్మ గొంతులో కోపం కూడా లేదు. "కలిపినావా లేదా అని అడిగింటే కలపలేదని చెప్పుకునేదాన్ని. నువ్వు అది అడగలేదే. కలిపినాననే రాసి, పాలెన్నో తేల్చమంటివి. దానికి నేనేం చెప్పల్ల?"

కూర్చోమని ఓబమ్మ స్టూలు వేసింది. కూర్చున్నవాడు కూర్చున్నట్టే లేచి, ఆవుల దాకా పోయి వచ్చాడు.

"భారతిని బడికి పంపక్కా. పరీక్షలు నెత్తి మీదికొచ్చినాయి."

"పంపిస్తే తినేదేంది సార్? డెయిరీ వ్యాను ఈ ఊరికి రాదు. రెండు దినాల పాలు పెరుగు చేసినా, ఆ పెరుగు కుడితిలో పోసినా. ఇట్లే ఉంటే ఆవుల్ని సంతకు తోలేస్తా. పాపను మా చెల్లెలి జతలో బెంగళూరికి పంపిస్తా, గార్మెంట్సు పనికి. అది ఆదివారం పోతాండాది."

ఆ రోజు గురువారం. తన క్లాసులో అందరికన్నా చురుకైన పిల్ల, తను వేసిన లెక్క వల్ల, కుట్టుమిషన్ ముందు కూర్చోబోతోంది. "బడి ల్యాబులో పాలు పరీక్షించే మీటరు ఉండాది" అన్నాడు ఆత్రంగా. "రేపు ఊరందరి ముందూ ముంచి చూపిద్దాం. నీళ్లు లేవని అదే చెప్తాది."

అప్పుడు భారతి చీపురు ఆపింది. "వద్దు సార్. పచ్చిమేత లేదు, ఆవులు వట్టి గడ్డి తింటాండాయి. పాలు పల్చగా దిగుతాండాయి. మీ మీటరు దానికీ నీళ్లనే అంటాది."

శుక్రవారం పొద్దున్నే అతావుల్లా ఓబమ్మ వెంట వీధిలోకి దిగాడు. క్యాను తనే పట్టుకుంటానన్నాడు. ఓబమ్మ వద్దన్నా వినలేదు. ఒక్కో గడప ముందూ ఆగి, ఆ లెక్క కల్పితమనీ తప్పు తనదనీ చెప్పాడు. గడపలు మర్యాదగా విన్నాయి. గిన్నె మాత్రం ఏ గడపా దాటలేదు.

లింగప్ప అరుగు మీద పళ్లు తోముకుంటున్నాడు. అంతా విని, నిదానంగా నోరు కడుక్కుని అన్నాడు. "నేనొచ్చి అడిగితే నా అంకె మార్చినావు. బయ్యన్న అలిగితే వాని అంకె మార్చినావు. ఇప్పుడు ఓబమ్మ ఏడ్చిందని ఇదీ మారుస్తాండావు. అడిగినోళ్లకల్లా మారిస్తే అది లెక్కెట్లయితాది సార్? మొదట రాసిందే నిజం."

"ఆమె నా దగ్గర ఏడ్వలేదు" అన్నాడు అతావుల్లా. ఎవరి మీద కోప్పడాలో తెలిస్తే కోప్పడేవాడే. ఎండెక్కుతోంది, పాలు విరిగిపోతాయేమోనని ఓబమ్మ మూత తీసి చూసుకుంటోంది. ఇద్దరూ పీర్ మహమ్మద్ హోటలుకు చేరారు.

పీర్ మహమ్మద్ సారుకు కుర్చీ వేశాడు, టీ పెట్టాడు. సారు ఆ టీ ముట్టలేదు, కుర్చీలోనూ కూర్చోలేదు. "భాయ్, అల్లా మీద ఒట్టు, ఆ అంకెలు నేను ఊరికే వేసినా. పాలు తీసుకో" అన్నాడు.

"తీసుకోనంటినా భాయ్? ప్యాకెట్ పాలతో టీకి రుచే రావడం లేదు." పీర్ మహమ్మద్ తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు. "నీళ్లు ఎంతో ఆమెను చెప్పమను, చాలు. దానికి తగిన రేటు ఇస్తా. పల్లెటూర్లో పాలంటే నీళ్లుంటాయి, నాకు తెలీదా? దాచిపెడితేనే మనసుకు కష్టం."

"లేని నీళ్లకు లెక్క యాడి నుంచి తెచ్చేది?" అతావుల్లా గొంతు పెరిగింది. టీ తాగేవాళ్లందరూ ఇటు తిరిగారు. "ఒక్క చుక్క లేదంటే నమ్మవేమప్పా?"

ఓబమ్మ ముందుకు వచ్చి, క్యాను ఎత్తి బల్ల మీద పెట్టింది. "అయిదు పాళ్లలో ఒక వంతు నీళ్లు" అంది. "నాలుగు పాళ్లకు దుడ్లు ఇయ్యి."

పీర్ మహమ్మద్ మొహం విప్పారింది. "చూసినావా భాయ్, ఎంత మంచి మనిషో. ఒక్క మాటతో అయిపోయింది" అన్నాడు. అన్నట్టే పాత్ర తెచ్చి సగం క్యాను పోయించుకున్నాడు. వెనక్కి వచ్చేటప్పటికి మాట వాళ్లకన్నా ముందే వీధిలోకి చేరింది. పొద్దున గిన్నె ఇవ్వని ఇళ్లవాళ్లు ఇప్పుడు గిన్నెలతో నిలబడి ఉన్నారు. నిజం ఒప్పుకుందంటే ఇక ఆమెను నమ్మవచ్చని వాళ్ల లెక్క. లింగప్ప కూడా అర లీటరు పోయించుకుని, "ఇదేదో మొదటే చెప్పింటే పోయేది కదమ్మా" అని మందలించాడు. ఓబమ్మ అవునన్నట్టు తలూపింది.

క్యాను ఖాళీ అయ్యాక అతావుల్లా ఆగలేకపోయాడు. "ఎందుకట్ల చెప్పినావక్కా? నువ్వు కలపలేదని నాకు తెలుసు."

"నీకు తెలిస్తే పాలు అమ్ముడుపోతాయా సార్? ఎల్లుండే ఆదివారం." ఓబమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "పాపను రేపు బడికి పంపిస్తాలే. బెంగళూరు మాట మర్చిపో."

తను కోరుకున్నది అదే. భారతి పరీక్ష రాస్తుంది, ఆవులు సంతకు పోవు. అయినా ఆయనకు మనసు కుదుటపడలేదు. ఆ సాయంత్రం ఇంట్లో భార్య రెండుసార్లు అన్నానికి పిలిస్తే రెండుసార్లూ గుమ్మం దాకా వచ్చి మళ్లీ వీధిలోకే పోయాడు. ఓబమ్మ రోజూ అయిదో వంతు డబ్బు పోగొట్టుకుంటూ ఎన్నాళ్లు నెట్టుకొస్తుంది? ఆ నష్టం తను ఇస్తానంటే తీసుకుంటుందా? చెంప మీద కొడుతుంది.

శనివారం తెల్లవారగానే స్కూటర్ తిన్నగా ఓబమ్మ వాకిట్లో ఆపాడు. భారతి యూనిఫాం వేసుకుని, జడలు బిగించుకుని, బ్యాగు భుజానికి తగిలించుకుని ఉంది. ఆయనకు ప్రాణం లేచొచ్చింది. ఆ పిల్ల బకెట్లోంచి లీటరు కొలతతో పాలు తీసి క్యానులో పోస్తోంది. ఎనిమిది కొలతలు పోసి ఆపింది. బకెట్లో మిగిలిన పాలు కుండలోకి వంచింది. తర్వాత అదే కొలతతో బిందెలోని నీళ్లు ముంచింది.

అతావుల్లా గేటు దగ్గరే నిలబడిపోయాడు.

"నిన్నటిదాకా ఒక చుక్క కలపలేదు సార్" అంది ఓబమ్మ పాకలోంచి వస్తూ. "ఇప్పుడు కలపకపోతే నేను ఊరికి అబద్ధం చెప్పినట్టయితాది. వాళ్లిచ్చేది నాలుగు పాళ్ల దుడ్లు, వాళ్లకు పోసేది నాలుగు పాళ్ల పాలు. మిగిలిన రెండు లీటర్లు తోడేసి పెరుగమ్ముకుంటా. నాకేమీ నష్టం లేదులే, నువ్వు దిగులు పడొద్దు."

భారతి కొలతను కంటి ఎత్తుకు పట్టుకుని, నీళ్లు అంచుకు సరిగ్గా ఉన్నాయో లేదో చూసింది. ఒక లీటరు పోసింది. రెండో లీటరు కూడా అంతే జాగ్రత్తగా పోసింది. ఒక బొట్టు ఎక్కువ కాలేదు, ఒక బొట్టు తక్కువ కాలేదు. క్లాసులో ఆమెకు అంత శ్రద్ధ నేర్పింది తనే. పారబోయమని అరవాలనిపించింది అతావుల్లాకు. పారబోస్తే రేపటి బస్సులో పిల్ల ఉంటుంది.

భారతి మూత బిగించి, ఆయన వైపు తిరిగింది. మునుపు బోర్డు దగ్గర లెక్క ముగించిన ప్రతిసారీ చూసే చూపే అది.

"ఎనిమిదికి రెండు సార్. ఇరవై శాతం. సరిపోయింది కదా?"

అతావుల్లా గేటు కమ్మీ గట్టిగా పట్టుకున్నాడు.

"సరిపోయిందమ్మా" అన్నాడు.