ఎవరది అన్న తరువాత

సగం గడ్డానికి నురగ పూసుకుని, అద్దంలోకి చూస్తూ "ఎవరది?" అన్నాడు డోలు. అద్దంలో మొహం ఇకిలించినట్టే కనబడింది. మళ్ళీ అన్నాడు. ఈసారి బుగ్గలు ఇంకా ఉబ్బాయి. ఉండలాంటి ముక్కు, పొడుచుకొచ్చిన చెవులు, పొట్టమీద నిలవని లుంగీ. ఆ మనిషి పరామర్శకు వెళితే శవం కూడా పెదవులు బిగబట్టుకునేదని చెప్పుకునేవారు. అలాంటి మొహం పెట్టుకుని ఈ సాయంత్రం హాలునిండా జనాన్ని భయపెట్టాలి.

నిజానికి డోలు పుట్టు భయస్తుడు. బల్లి అరిస్తే దీపం వేసుకుని కూర్చునే రకం. ఆ భయాన్నే హాస్యంలో ముంచి, నాటికలు రాసి, తానే ఆడి ఇన్నేళ్ళూ అమ్ముకున్నాడు. ఇప్పుడు కల్తీలేని సరుకు బయటపెడదామని ఒక కథ రాశాడు. ఒంటరి ముసలివాడు; లోపలి గదిలో ఎవరో గొళ్ళెం తీస్తున్న చప్పుడు. వేదిక మీద చదువుతానంటే హాలు యజమాని ఒప్పుకున్నాడు గానీ, "జనం నవ్వుకుంటూ బయటికెళ్ళారో, రేపట్నుంచి మళ్ళీ గొడుగు దెబ్బలే" అన్నాడు.

గొడుగు దెబ్బలంటే గెడ. పేరుకు తగ్గట్టే గెడకర్రలాంటి సన్నటి మనిషి; డోలు భార్యకు అన్న, వేదిక మీద డోలుకు జోడీ. ఏ నాటికైనా సరే, డోలు వణుకుతూ "ఎవరది?" అనాలి; పక్క తెరలోంచి గెడ "నేనే బావా, ఆకలేస్తోంది!" అంటూ వచ్చి గొడుగుతో నెత్తిన ఒకటివ్వాలి. హాలు పైకప్పు లేచి మళ్ళీ కూర్చునేది. ఆ మాట గెడ పెళ్ళిళ్ళలో అన్నాడు, ఆస్పత్రి మంచం మీద అన్నాడు. ఎక్కడ ఎవరు "ఎవరది" అన్నా ఆ నోరు ఆగేది కాదు.

"ఆ ఒక్క మాటా తీసెయ్యకూడదూ? అన్నయ్య ఊరుకోడు," అంది భార్య తువ్వాలు అందిస్తూ.

"భయపడ్డవాడు ఇంకేం అడుగుతాడే?"

"పోనీ, రావద్దని చెప్పారా?"

డోలు నురగ తుడుచుకున్నాడు. చెప్పలేదు. కథలో నీకు వేషం లేదనీ చెప్పలేదు.

సాయంత్రం గెడ రానే వచ్చాడు, చంకలో గొడుగుతో.

"ఏం బావా, గోడమీద కాగితంలో నీ పేరొక్కటే ఉంది. నన్ను చంపేశావా ఏంటి?"

"కథలో ఇద్దరే బావా. ఒకడు ముసలాడు. రెండోవాడు కనబడడు."

"ఆ కనబడనోడి వేషం నాకిస్తే నీ సొమ్మేం పోయింది? అడ్డంగా తిరిగి నిలబడ్డానంటే నేనెక్కడ కనబడతాను!"

డోలుకు నవ్వు రాలేదు. గెడ అది చూశాడు. వెళ్ళి పక్క తెర దగ్గర తన చోట నిలబడ్డాడు.

డోలు వేదికెక్కగానే నవ్వులు. "చీకటి" అంటే నవ్వారు, "ముసలివాడు" అంటే నవ్వారు. చేతిలో కాగితాలు వణికాయి. ఆ వణుకు గొంతులోకి పాకింది. అది నటన కాదని పసిగట్టారో ఏమో, నవ్వులు ఒక్కొక్కటే ఆరిపోయాయి. గొళ్ళెం చప్పుడు దగ్గరికొచ్చేసరికి ఎవరో దగ్గబోయి ఆపుకున్నారు.

"ఎవరది?" అన్నాడు డోలు.

అని ఆగిపోయాడు. అక్కడ ఆగాలని రాసుకోలేదు. ఇన్నేళ్ళ అలవాటు, నోరు దానంతటదే ఆగింది, తల దానంతటదే పక్క తెరవైపు తిరిగింది. దాంతో హాలంతా అటే తిరిగింది. తెర అంచున గొడుగు మొన అదురుతోంది. ఇప్పుడంటాడు. అన్నాడంటే కథ అక్కడితో సరి. ఇదిగో, ఇప్పుడంటాడు.

ఎవరూ ఏమీ అనలేదు.

ముందు వరసలో ఒకావిడ కాళ్ళు కుర్చీ మీదికి లాక్కుంది.

కథ ముగిశాక చప్పట్లు కొట్టడానికి జనానికి కాసేపు పట్టింది. వెళ్ళేటప్పుడు పక్కవాళ్ళ చేతులు పట్టుకుని వెళ్ళారు. డోలు ఒక్క ఉరుకులో తెర పక్కకు చేరాడు.

"బావేడీ?"

"ఇందాకే వెళ్ళిపోయాడు," అన్నాడు యజమాని. "'మా బావ ఒక్కడే చాలు, ఇక నాకోసం చూడొద్దని చెప్పు' అన్నాడు. మాట కూడా సరిగా రాలేదు ఆయనకి, నోరు నొక్కుకునే చెప్పాడు."

గోడ మేకుకు గొడుగు వేలాడుతోంది. డోలు అందుకుని తిప్పి చూశాడు. కొయ్య పిడి మీద రెండు వరసల పంటిగాట్లు, లోతుగా, ఇంకా తడిగా.