పసుపు బాపు

లింబాద్రి ఆర్మూర్ పసుపు మిల్లులో పని మానేసి, హైదరాబాద్‌లో డ్రైవర్‌గా చేరి నాలుగు నెలలైంది. సెలవు పెట్టి వస్తే, ఏడాదిన్నర కూతురు లాస్య అతని చంక ఎక్కనంటే ఎక్కనంది.

కమ్మర్‌పల్లి బస్సులో పక్కన కూర్చోబెట్టుకుని పిల్లిలా అరిచాడు, కోతిలా మొహం పెట్టాడు. అతని తెల్లచొక్కా చూసి మొహం తిప్పుకుంది.

పెర్కిట్ దగ్గర మిల్లు హమాలీ ఒకాయన ఎక్కాడు. తల నుంచి కాళ్ల దాకా పసుపే.

"బాపూ!" అంటూ లాస్య ఆయన వైపు చేతులు చాచింది.

"నువ్వు గట్లనే ఇంటికొస్తుంటివి గదా," అంది భార్య శైలజ మెల్లగా.

లింబాద్రి లేచి హమాలీ దగ్గరికి పోయాడు. "అన్నా, జర నీ తువ్వాల ఇయ్యరాదే."

దానికంటిన పసుపంతా చెంపలకు రుద్దుకున్నాడు. బిడ్డ వైపు తిరగడానికి మాత్రం ధైర్యం చాలలేదు.