హుస్సేన్ బీ పాట రావాల్సిన శుక్రవారం

దత్తాత్రి గొంతు తెలియనివాడు ఆ రోజుల్లో సిద్దిపేటలో లేడు. మనిషిని చూడనివాళ్ళకు కూడా గొంతు తెలుసు. బస్టాండు దగ్గర హోటల్లో "ఒక చాయ్ ఇయ్యి" అన్నాడంటే చాలు, పక్క బల్ల మీదివాళ్ళు తల తిప్పి చూసేవాళ్ళు. పేటలో చిన్న రేడియో కేంద్రం పెట్టి రెండేళ్ళయింది. కిరాయి ఇంట్లో స్టూడియో, చంద్లాపూర్ వైపు గుట్ట మీద ట్రాన్స్‌మిటర్, రెంటికీ మధ్య ఒక తీగ, ఒక టెలిఫోను. అందులో అనౌన్సరు మన దత్తాత్రి. అంత మంచి గొంతున్నవాడికి కాస్త గీర ఉండటం వింతేమీ కాదు. ఉండేది కూడా. అది ఎట్లా దిగిందో చెబుతాను, వినండి.

అనౌన్సరు గదిలో రెండు పెట్టెలుంటాయి. ఒకటి స్పీకరు. టేపు మీద పాట సరిగ్గా తిరుగుతున్నదా లేదా అది చెబుతుంది. రెండోది మామూలు రేడియో, మీ ఇంట్లోనూ మా ఇంట్లోనూ ఉండేలాంటిదే. గుట్ట మీద ట్రాన్స్‌మిటర్ ఆగిపోతే ఊళ్ళకు ఏమీ పోదు, కానీ స్టూడియో స్పీకర్లో పాట మాత్రం బ్రహ్మాండంగా వస్తూనే ఉంటుంది. ఆగిన సంగతి రేడియో ఒక్కటే చెబుతుంది. అందుకని దాన్ని ఎప్పుడూ తమ కేంద్రం మీదే ఉంచి, పావుగంటకోసారి చెవి పెట్టి, పుస్తకంలో "ప్రసారం బాగున్నది" అని రాసి సంతకం చేయాలి. సంతకాలు అందరూ చేసేవాళ్ళు. చెవి పెట్టడమే తగ్గిపోయింది. సాయంత్రం డ్యూటీకి వచ్చీ రాగానే చివరిదాకా గడులన్నీ ఒక్క ఊపున నింపేసుకుంటే మళ్ళీ పెన్ను ముట్టే పని ఉండదు. దత్తాత్రి పద్ధతి అదే. రెండేళ్ళలో ఒక్కసారీ ఆగని దాన్ని పావుగంటకోసారి ఎవడు వింటాడండీ?

ఆ శుక్రవారం షార్జాలో క్రికెట్ మ్యాచ్. టీవీ ఉన్న ప్రతి ఇంటి ముందూ చెప్పులు కుప్పలు పడి ఉన్నాయి. దత్తాత్రి గదిలో టీవీ లేదు. రేడియో ఉంది. ముల్లు కామెంటరీ వచ్చే స్టేషన్‌కు తిప్పాడు. పాటా కామెంటరీ కలిసి గోల అవుతుందని స్పీకరు సౌండు పూర్తిగా తగ్గించాడు. ఆరున్నరకు మైకు తెరిచి, "ఇప్పుడు జానపద గీతాలు ప్రసారమవుతాయి. పాడుతున్నవారు, మిరుదొడ్డి నుంచి హుస్సేన్ బీ" అన్నాడు. టేపు తిరిగింది. మైకు మూసి, కుర్చీ రేడియో దగ్గరికి జరుపుకున్నాడు.

గుట్ట మీద ట్రాన్స్‌మిటర్ అప్పుడే ఆగిపోయింది.

మర్నాడు పొద్దున ఫక్రుద్దీన్ సైకిలేసుకుని స్టూడియోకి వచ్చాడు. గుట్ట మీద డ్యూటీ అతనిదే. కుడిచేతి వేళ్ళకు గుడ్డ చుట్టి ఉంది.

"దత్తన్నా, నిన్న పావుగంట బంద్ ఉంటే ఒక్క మనిషినన్న పంపకపోతివి. ఫోన్ గూడ పనిచెయ్యకపాయె. ఒక్కన్నే కిందమీద పడి చేసిన, చెయ్యి గాలింది."

"ఏ పావుగంట?"

"ఆరున్నర గొట్టంగనే పోయింది. నువ్వు బాజార్ ధరలు షురూ చేసేటప్పుడు వచ్చింది. నీకు తెల్వదా?"

 ఫక్రుద్దీన్ బల్ల మీది పుస్తకం తన వైపు తిప్పుకుని చూశాడు. ఆరున్నర గడిలో గుండ్రటి అక్షరాలతో "ప్రసారం బాగున్నది", కింద సంతకం. రేడియో ముల్లు ఎక్కడుందో కూడా చూశాడు. చూసి, పుస్తకం మళ్ళీ ఇటు తిప్పి పెట్టాడు. అదే దత్తాత్రికి ఎక్కువ గుచ్చుకుంది.

"గుట్ట మీద నా పుస్తకంల నేనింక రాయలె" అన్నాడు ఫక్రుద్దీన్. "ఉన్నది ఉన్నట్టు రాస్తే నీ నౌకరి మీదికొస్తది. సరె తియ్యి. నేను గూడ బాగున్నదనే రాస్త."

వద్దు ఫక్రు భాయ్ అనాలి. అనాలని దత్తాత్రికి తెలుసు. "నీ మేలు మర్చిపోను" అన్నాడు. ఈ కేంద్రానికి రాకముందు నుంచీ పదిహేనేళ్ళుగా రాత తప్పని మనిషి, కాలిన చేత్తో పోయి అబద్ధం రాశాడు. పోయేటప్పుడు చాయ్ తాగమంటే ఆకలి లేదన్నాడు. చాయ్‌కి ఆకలేమిటి?

ఇంకో ముచ్చట కూడా ఉంది. ఆ కేంద్రంలో టేపులకు ఎప్పుడూ కరువే. ప్రసారమైన టేపును మర్నాడే చెరిపేసి, కొత్త రికార్డింగుకు వాడుకునేవాళ్ళు. ప్రసారమైందని పుస్తకంలో ఉంటే చాలు, ఇంకెవరినీ అడగరు. దత్తాత్రి సంతకం చూసి శనివారం మధ్యాహ్నం హుస్సేన్ బీ టేపు చెరిపేశారు. ఆ సంగతి అతనికి సోమవారం గానీ తెలియలేదు.

మంగళవారం హుస్సేన్ బీ వచ్చింది. యాభై దాటిన మనిషి. గాజుల గంప నెత్తిన పెట్టుకుని మిరుదొడ్డి చుట్టుపక్కల తిరుగుతుంది. గాజులు తొడిగేటప్పుడు చెయ్యి నొప్పి తెలియకుండా పాట పాడటం ఆమెకు అలవాటు. నాట్ల పాటలు, పీర్ల పండుగ పాటలు, అన్నీ తెలుగులోనే. రేడియోలో పనిచేసే జ్ఞానేశ్వరి ఒకసారి ఆ ఊరికి చుట్టపుచూపుగా పోయి, ఆ పాటలు విని, పట్టుబట్టి పిలిపించి రికార్డు చేసింది. అప్పటి నుంచి హుస్సేన్ బీ ఏ ఇంట్లో గాజులు తొడిగినా ఆ ఇంట్లో చెప్పింది, శుక్రవారం ఆరున్నరకు వినండి అని.

గంప గడప అవతలే దించి లోపలికి వచ్చింది.

"సారూ, నా పాట బాగలేదా?"

"ఏమైందమ్మా?"

"పంచాయతి ఆఫీసు కాడ రేడియో పెడితే ఊరంత వచ్చి కూసున్నరు. మీరు నా పేరు చదివిన్రు. గంతే. గర్రుమన్నది. పాట లేదు, ఏం లేదు. ధరలు చదివేటప్పుడు మల్ల మంచిగ వచ్చింది. పాట బాగలేక రేడియోవాళ్ళే బంద్ చేసిన్రని అంటున్నరు. బంద్ చేస్తే చేసిన్రు. నాతోని చెప్పున్రి సారూ, నేనేమనుకోను."

ఒక్క ముక్క చెబితే అయిపోయేది. మా మిషన్ ఆగిందమ్మా, నీ పాటది తప్పు లేదు. ఆ ఒక్క ముక్క చెబితే పుస్తకం, సంతకం, ఫక్రుద్దీన్, అన్నీ బయటికొస్తాయి. మనవాడి గొంతు తడబడలేదు, అదీ విచిత్రం. వార్తలు చదివినంత తీరుగా అబద్ధమాడాడు.

"లేదు లేదు, పాట వచ్చింది. నేను విన్న గద, చాన బాగుండె. మీ ఊరి రేడియోనే ఏదన్న ఖరాబయి ఉంటది."

ఆమె ముఖం కళకళలాడింది. "మీరు విన్నరా? నిజంగ విన్నరా? ఇంకేంది సారూ" అంది. దణ్ణం పెట్టి, గంప ఎత్తుకుని వెళ్ళిపోయింది. ఆ దణ్ణం దత్తాత్రికి మూడు రోజులు అన్నం సయించనివ్వలేదు.

నాలుగో రోజు మళ్ళీ వచ్చింది. ఈసారి లోపలికి రాలేదు, గడపలోనే నిలబడింది.

"రేడియో మంచిగనే ఉన్నదట సారూ. పంచాయతి కాడ రేడియో పెట్టే దుబ్బయ్య నా మీద కోపం జేసిండు, మంచిగున్న రేడియో మీద నింద ఏస్తవా అని. ఇప్పుడు నేనేం చెప్పినా నవ్వుతున్నరు. గాజులు గట్టియి అంటే, రేడియోల పాడినంత గట్టియా అంటున్నరు. మాట పోతే నా గంపల ఏమున్నది సారూ? మీరొక్కసారి వచ్చి చెప్పున్రి. మీ గొంతు గుర్తుపడుతరు, నమ్ముతరు."

వస్తానన్నాడు. రాకుండా తప్పించుకునే దారి వెతికాడు కూడా, దాచడమెందుకు. మళ్ళీ పాడిద్దామా అనుకున్నాడు. మళ్ళీ పాడించాలంటే మొదటిది ప్రసారం కాలేదని రాయాలి. ఎటు తిరిగినా ఆ సంతకమే ఎదురొచ్చింది. ఆదివారం పొద్దున మిరుదొడ్డి బస్సెక్కాడు.

పంచాయతీ ఆఫీసు ముందు కుర్చీ వేశారు. దత్తాత్రి నమస్కారం పెట్టి రెండు మాటలు మాట్లాడగానే జనం ముఖాలు విప్పారాయి. "గొంతు గదే" అన్నారు. చాయ్ తెచ్చారు, బిస్కెట్లు తెచ్చారు. హుస్సేన్ బీ గంపతో గోడ వారగా నిలబడి ఉంది. ఆమెను కూర్చోమన్నవాళ్ళు లేరు.

బస్సులో కూర్చుని తయారుచేసుకున్న మాట తీశాడు దత్తాత్రి. "పోయిన వారం శుక్రవారం సాంకేతిక కారణాల వల్ల ప్రసారంలో అంతరాయం కలిగింది. హుస్సేన్ బీ పాటలో ఏ లోపమూ లేదు."

పంచాయతీ రేడియో చూసుకునే దుబ్బయ్య ముందుకొచ్చాడు. రోజూ రేడియో పెట్టేది, కట్టేసేది ఆయనే.

"ఒక్క మాట అడుగుత సారూ. రేడియో చెడిపోతే మీరు చెప్తరు గద, అంతరాయానికి చింతిస్తున్నాము అని. వరంగల్లోళ్ళు చెప్తరు, హైదరాబాదోళ్ళు చెప్తరు. నేను ముప్పై ఏండ్లసంది వింటున్న. మొన్న మీరు చెప్పలె. మల్ల వచ్చుడుతోనే పెసర్ల ధర చదివిన్రు. చెడిపోతే చెప్పరా? చెప్పలేదంటే, కావాలని ఆపినట్టే గద?"

దత్తాత్రి చాయ్ కింద పెట్టాడు. ఊరంతా పిచ్చిది కాదు, పద్ధతి తెలిసిన ఊరు. ఆ ఒక్క వాక్యం తన నోటి నుంచి రాకపోవడమే ఆమె కొంప ముంచిందని అప్పుడు అర్థమైంది. 

"నాకు తెల్వదు" అన్నాడు.

"ఏంది తెల్వదు?"

"రేడియో బంద్ అయిన సంగతి నాకు తెల్వదు. నేను చూసుకోలె. చూసుకోవాల్సింది నేనే. తప్పు నాదే, ఆమెది గాదు."

 వెనక ఎవరో నవ్వారు. నవ్వు ముందుదాకా పాకింది.

"రేడియోల కూసున్నోనికే రేడియో బంద్ అయింది తెల్వదట" అన్నాడు దుబ్బయ్య, ఆయన కూడా నవ్వుతూ. "సారు పెద్దమనిషి. ముసల్ది బాధపడుతదని తన మీద ఏసుకుంటుండు."

"నిజం చెప్తున్న" అన్నాడు దత్తాత్రి.

"తెలుసు సారూ, తెలుసు. ఇంకో చాయ్ తాగున్రి."

ఎంత చెబితే అంత మర్యాద చేశారు. గట్టిగా చెబితే ఇంకా మంచివాడన్నారు. ఒకాయన తువ్వాలు తెచ్చి భుజం మీద కప్పాడు. ఇద్దరు ఆడవాళ్ళు హుస్సేన్ బీతో, "నీ కోసం అంత పెద్ద సారు అబద్ధమాడవట్టె, ఇగనన్న ఊకో" అన్నారు. తప్పు ఒప్పుకుంటే బరువు దిగుతుందనుకుని వచ్చాడు. తన తప్పుకు తువ్వాలు కప్పించుకుని, ఆమె నెత్తిన ఇంకో అబద్ధం పెట్టి లేచాడు.

బస్సు ఆగే దాకా హుస్సేన్ బీ వెంట వచ్చింది. దత్తాత్రి తువ్వాలు మడిచి చంకలో దాచుకున్నాడు. ఆమె ముఖంలోకి చూడలేకపోయాడు.

"పోనీయున్రి సారూ" అందామె. "మీరు చెప్పింది నేను నమ్మిన. ఊరు నమ్మకపోతే మానె. ఊరికి రాకున్న ఆడ మీరన్న విన్నరు గద. గంత చదువుకున్న మనిషి విని బాగుందన్నరు, నాకు గది సాలు. మూడు పాటలు పాడితిని. అండ్ల ఏది మంచిగుండె సారూ?"

అన్నీ బాగున్నయి అనొచ్చు. ఆ మాట నోటిదాకా వచ్చింది, ఎప్పుడూ వచ్చినంత సులువుగా వచ్చింది. ఊరి ముందు చెప్పినప్పుడు కూడా ఈ ముక్క మింగేశాడు. చూసుకోలేదన్నాడు గానీ ఎందుకు చూసుకోలేదో చెప్పలేదు.

"నేను గూడ వినలె, హుస్సేన్ బీ" అన్నాడు. "సౌండ్ తక్కువ చేసి క్రికెట్ వింటున్న. ఒక్క పాట గూడ వినలె. ఆ దినం నీకు అబద్ధం చెప్పిన. టేపు గూడ లేదిప్పుడు, చెరిపేసిన్రు."

హుస్సేన్ బీ రోడ్డు వైపు తిరిగింది. తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుండునని దేవుణ్ణి కోరుకున్నాడు.

"అయితే ఎవ్వరు వినలె" అంది.

సిద్దిపేట బస్సు వచ్చి ఆగింది. కండక్టరు తొందర పెడుతున్నాడు. దత్తాత్రి మెట్టు మీద కాలు పెట్టాక ఆమె దగ్గరికొచ్చి, ఎవరికీ వినపడకుండా మెల్లగా చెప్పింది.

"క్రికెట్ సంగతి నేనెవ్వరికి చెప్ప సారూ. మీ ఇజ్జత్ పోతది."

దత్తాత్రికి దిగి ఆమె కాళ్ళ మీద పడాలనిపించింది. పడలేదు. బస్సు కదిలింది. ఆమె గంప సర్దుకుని, నవ్వేవాళ్ళున్న ఊళ్ళోకే తిరిగి నడిచింది.