మెట్టు ఆరంగుళాలా, ఏడంగుళాలా

ఆరంగుళాలైతే ఇరవై మెట్లు, ఏడైతే పదిహేడు, మూడు మెట్లు మిగిలితే ఒక మనిషి మోకాళ్ళకు ఏపాటి సుఖం, పుట్టు కుడుము ఆవిరి మీద ఉడుకుతోంది, కొబ్బరి ఇంకాస్త వేయాల్సింది, బయట వరండాలో సుకుమారన్ మేస్త్రి టేపు సర్రున లోపలికి లాగుతున్న చప్పుడు, చేచ్చీ, ఏదున్నా కాగితం మీదే తేల్చెయ్యండి, గోడ పడగొట్టాక మనసు మార్చుకుంటే గోడ ఊరుకుంటుంది గానీ నేనూరుకోను, అని వచ్చీ రాగానే నాతో అన్నాడు, ఆ మాట ప్రతి ఇంట్లోనూ అంటాడని త్రిశూర్‌లో అందరికీ తెలుసు, కానీ నేను తేల్చే పెట్టాను, పోస్టాఫీసులో ముప్పై ఏళ్ళు ఉత్తరాలు వేరుచేసిన చెయ్యి నాది, నోటుబుక్కులో అంతా వరసగా ఉంది, వానలు మొదలయ్యేలోగా పైకప్పు కారుడు, ఆ తరువాత పాత వైర్లు, ఆ తరువాత నీళ్ళ గొట్టాలు, గోడలో దాగేవన్నీ అయ్యాకనే పైకి కనబడేవి, చాలామంది ముందు టైల్స్ కొనేసి తరువాత గొట్టం కోసం వాటినే పగలగొట్టిస్తారు, మా చెల్లెలు త్రేసియా అలాగే చేసింది, అన్నిటికన్నా చివరి పేజీలో మేడ మీద గది, నీళ్ళు నిలిచే కోలె వరి పొలాల వైపు రెండు కిటికీలు, కిటికీలకు ఆకుపచ్చ రంగు, అది మా ఆయన కోరిక, అడిగిన వాళ్ళందరికీ అదే చెబుతాను, ఔసేప్ చేట్టన్ కోరిక, పాపం, కాదనలేను.

కాదంటే ఎందుకు కాదో చెప్పాలి, చెబితే జనవరిలో డాక్టరుగారు అన్న మాటను ఇంట్లోకి తీసుకురావాలి, ఆ మాటను మేమిద్దరం ఆస్పత్రి మెట్ల దగ్గరే వదిలేసి వచ్చాం, పార్కిన్సన్స్, ఇప్పుడే కాదు, ఐదేళ్ళో ఎనిమిదేళ్ళో, నడక మందగిస్తుంది, తరువాత చూద్దాం అన్నారాయన, చాలా మర్యాదగా, కలం మూత పెడుతూ, అప్పటి నుంచి నేను టీ సగం గ్లాసే పోస్తున్నాను, సగమే ఎందుకని ఈయన అడగలేదు, ముప్పై ఒక్క ఏళ్ళు ఐటీఐలో వడ్రంగం నేర్పిన మనిషి, చెక్క మీద అరచెయ్యి ఆనించి ఎక్కడ వెంట్రుక మందం ఎత్తుందో చెప్పేవాడు, ఇప్పుడు ఆ అరచెయ్యి ఒళ్ళో పెట్టుకుని రెండోదానితో అదిమిపడతాడు, పిల్లిని పట్టుకున్నట్టు, నేను అటు చూడను, పదిహేడు మెట్లే నయం అనుకుంటాను, మధ్యలో ఒక చదును పెడితే, ఆగడానికి, ఊపిరి తీసుకోవడానికి, పొలాలు చూస్తున్నట్టు నటించడానికి.

పుట్టు పళ్ళెంలోకి తోసి చేతులు తుడుచుకుని వెళ్ళేసరికి మేస్త్రీ ఈయనా ఇద్దరూ వరండాలో లేరు, స్నానాల గది దగ్గరున్నారు, అక్కడేం పని, ఆ గదికి నేను రాసింది కొత్త కుళాయి ఒక్కటే, మేస్త్రి నవ్వుతున్నాడు, మూడడుగుల తలుపా మాష్టారూ, వీధి తలుపే మూడడుగులు లేదు, స్నానాల గదికెందుకు, ఇందులో ఏనుగునేమన్నా కడుగుతారా, ఈయన కూడా నవ్వాడు, ఏనుగుకి మావటి దొరకడు సుకుమారా, చక్రాల కుర్చీ తోసే మావటి అయితే ఇంట్లోనే ఉంది, అని గడ్డంతో నా వైపు చూపించాడు, చూపించి మళ్ళీ గుమ్మం వైపు తిరిగాడు, మేస్త్రి టేపు చేతిలో అలాగే ఉంది, నాకు ఏమీ కాలేదు, అంటే ఏదో అవుతుందనుకున్నాను గానీ కాలేదు, గోడ మీద తడి మచ్చ తమలపాకులా ఉందని మాత్రం గమనించాను, ఈయన క్లాసులో చెప్పినట్టు చెబుతున్నాడు, గడప తీసెయ్, నేల వాలు ఆ మూలకి, గరుకు పలకలు వెయ్యి, నున్నటివి వద్దు, పట్టుకునే కమ్మీలు ఇప్పుడే బిగించకు, బిగిస్తే రోజూ కళ్ళబడతాయి, గోడలో ఇనుప పట్టీ మాత్రం దాచిపెట్టు, కావలసిన రోజున రెండు మరలు తిప్పితే చాలు, వీధి తలుపు కూడా వెడల్పు చెయ్యి, మంచం ముందు గదిలోకి, చొక్కా జేబులోంచి ఒక కాగితం తీశాడు, నాలుగు మడతలు, మడతల దగ్గర బొచ్చు లేచింది, గీతలు వణికాయి కానీ కొలతలు ఒక్కటీ తప్పలేదు, పైన మూలన తేదీ వేశాడు, నక్షా ఏదైనా తేదీ లేకపోతే పిల్లలకు మార్కులు తీసేసేవాడు, జనవరి ఇరవై మూడు, డాక్టరు దగ్గర నుంచి వచ్చిన మూడో రోజు.

నాలుగు నెలలు, అన్నాను, జేబులో పెట్టుకుని తిరుగుతూ నాతో ఒక్క మాట అనలేదేం, ఎలా అనను రోసిలీ, నువ్వు కిటికీల రంగు దాకా వెళ్ళిపోయావు, మధ్యలో ఎలా ఆపేది, అని ఈయన, నెమ్మదిగా, తప్పు తనదే అన్నట్టు, మేస్త్రి గొంతు సవరించుకుని, మరి మెట్లు చేచ్చీ, ఆరా ఏడా, అలవాటుగా నోట్లోంచి వచ్చేసింది పాపం, నాలుక కరుచుకున్నాడు, మెట్లు వద్దు సుకుమారా, అన్నాను, నా గొంతు పోస్టాఫీసు కౌంటరు దగ్గర మాట్లాడినట్టే వచ్చింది, టిఫిను చల్లారిపోతుంది రండి అని కూడా అన్నాను, వాళ్ళు చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళారు, నేను గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాను, జనవరిలో డాక్టరును చూసిన రోజు తిరుగు బస్సులో, ఒల్లూరు దాటాక రోడ్డు పక్కన మేడ ఇల్లు కనబడితే, మనమూ ఒక గది వేసుకుందాం, పైనుంచి పొలాలు కనబడతాయి, అన్నది నేను, నేనే, ఈయన చాలాసేపు నా మొహం వంక చూసి సరే అన్నాడు, అంతే, ఆ సరేని తెచ్చి ఆయన కోరిక అని అందరికీ చెప్పుకున్నాను, రాబోయేదేమిటో ఆయనకు తెలియనివ్వకూడదని నేను కాపాడుకొస్తున్నాననుకున్నాను, ఆయనకు మూడు రోజుల్లో తెలిసిపోయింది, నాకు తెలిసేదాకా ఆగాడు.